దుప్పటి మీద క్లిప్పులు

గాలికి దుప్పటి ఉబ్బింది.

పాత ఫొటోలో. ఎప్పటి గాలో ఏమో... ఇంకా దిగలేదు.

దుప్పటి ముందు కుర్చీలో అమ్మమ్మ. పెళ్లయిన కొత్తలో. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. ఎవరు నవ్వించారో ఫొటోలో లేదు.

ఆ అమ్మమ్మనే ఇప్పుడు మనవరాలు రంగుల్లో వేస్తోంది. ఫొటో అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఉన్నది పోకముందే వెయ్యాలి.

మొహం కుదిరింది. చేతులు కుదిరాయి. కొరికిన పెదవి కూడా, ఎలాగో, కుదిరింది.

చిక్కంతా వెనకే.

ఇంతటి అమ్మమ్మ వెనక అంత మాసిన దుప్పటా! పైన వరసగా క్లిప్పులు. ఎగిరిపోకుండా కింద రెండు రాళ్లు.

దుప్పటి తీసేస్తోందన్న మాట బయటికి పొక్కింది. ఇక ఇల్లంతా చిత్రకారులే.

మామయ్య కొండలు వెయ్యమన్నాడు. పిన్ని పాలరాతి స్తంభాలు వెయ్యమంది. కొండల ముందు స్తంభాలు వేస్తే సరి అని అమ్మ రాజీ కుదిర్చింది.

మనవరాలు ఎవరి మాటా వినలేదు. సరస్సు వేసింది. సరస్సులో హంస వేసింది. హంస కాస్త బాతులా వచ్చింది... రానీ. నీళ్ల మీద వెలుగు మాత్రం అద్భుతం. తన భుజం తనే తట్టుకుంది.

అమ్మమ్మ వచ్చింది. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంది.

తన మొహం చూసుకోలేదు. సరస్సునే చూసింది. ఈ చివరి నుంచి ఆ చివరికి — పోయిన వస్తువు వెతుక్కుంటున్నట్టు.

"మీ తాతయ్యేడే?"

"తాతయ్య ఫొటోలో లేడుగా, అమ్మమ్మా."

"లేకపోవడమేంటి? దుప్పటి పట్టుకున్నదెవరనుకున్నావ్?"

మనవరాలు భూతద్దం తెచ్చింది.

క్లిప్పులకు గోళ్లున్నాయి.

రాళ్లకు వేళ్లున్నాయి. ఒక బొటనవేలు పైకి లేచి ఉంది.

"చీమ కుట్టింది," అంది అమ్మమ్మ. "కెమెరా అంటే చచ్చేంత సిగ్గు ఆయనకి. పక్కన నిలబడమంటే ససేమిరా అన్నారు. గోడ బాలేదు, దుప్పటి అడ్డం పట్టుకుంటానని వెనక్కి దూరారు. చీమ కుట్టినా వదల్లేదే! వెనకాల ఒకటే గెంతులు... నాకేమో నవ్వు."

మనవరాలు పుట్టేనాటికే ఆయన లేడు. ఆయనకు మరో ఫొటో లేదు.

ఉన్న ఒక్క తాతయ్యనూ తన చేతులతో తనే నీళ్లలో ముంచేసింది. పైగా బాతును కాపలా పెట్టింది. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

సరస్సు గీకేసింది. మళ్లీ దుప్పటి వేసింది. మామయ్య నిట్టూర్చాడు. పిన్ని, "ఒక్క స్తంభమైనా..." అంది.

ఒక్కో గోరూ దిద్దుతూ వేళ్లు వేసింది. పాదాలు వేసింది. లేచిన బొటనవేలు మరీ ప్రేమగా వేసింది.

"తాతయ్య కూడా నవ్వుతున్నాడా అప్పుడు?"



"ఏమో. నేను ముందుకేగా చూస్తున్నా." అమ్మమ్మ కుర్చీ బొమ్మ దగ్గరికి జరుపుకుంది. "ఒక్కసారి వెనక్కి తిరగాల్సింది."

మనవరాలు కుంచె కడగబోయింది.

"ఉండవే. కాస్త గాలి వెయ్యి."

కుంచె మళ్లీ రంగులో మునిగింది.

గాలికి దుప్పటి ఉబ్బింది. అంచు లేచింది. చీలమండలు కనిపించాయి... పిక్కలు కనిపించాయి...

"ఇంకొంచెం," అంది అమ్మమ్మ.