తొమ్మిదో వరుస

దమయంతి వంగి, సీట్లకు అడ్డంగా బిగించిన ప్లాస్టిక్ పలక మీద నిన్నటి వేలిముద్రలు తుడుస్తోంది. సియాటిల్ మ్యూజియంలో, శబ్దాన్ని మించిన వేగంతో ఎగిరిన ఈ కాంకార్డ్ విమానం లోపలే ఆమె ఏడేళ్ళుగా పనిచేస్తోంది. ఇద్దరు పక్కపక్కన నడవలేని ఇరుకు. కిటికీలు అరచెయ్యంత. ఒకప్పుడు గుంటూరు కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పిన మనిషి, ఇక్కడ రోజంతా నిలబడి చెప్పేది రెండే మాటలు: ముట్టుకోకండి, ముందుకు నడవండి.

మధ్యాహ్నం ఇషా అనే పదేళ్ళ పిల్ల, అమ్మానాన్నల కంటే ముందు పరుగెత్తుకొచ్చి, ఆమె బ్యాడ్జి మీద పేరు చదివింది.

"ఆంటీ, మీరు తెలుగా? ఇది లాస్ట్ టైమ్ ఎప్పుడు ఫ్లై చేసింది?"

"రెండువేల మూడులోనమ్మా. న్యూయార్క్ నుంచి నాలుగ్గంటల్లోపే ఇక్కడికొచ్చి దిగింది."

"మళ్ళీ ఎందుకు వెళ్ళలేదు?"

"ఖర్చెక్కువ. పైగా మామూలుగా ఊళ్ళ మీదుగా అంత స్పీడుగా పోనిచ్చేవాళ్ళు కాదు. ఆ చప్పుడికి ఊళ్ళు అదిరిపోతాయి."

"సో, స్టక్ అయిపోయిందా?"

"తల జాగ్రత్త, తగులుతుంది" అంది దమయంతి.

మూడింటికి రెడ్‌మండ్‌లోని ఆఫీసు నుంచి భర్త దామోదర్ ఫోన్ చేశాడు. అతని వీసాకు వేలాడుతోంది ఆమె వర్క్ పర్మిట్.

"రెన్యువల్ ఇంకా పెండింగే. నీ కార్డు ఇవాళ్టితో ఎక్స్‌పైర్ అవుతుంది కదా, రేపట్నుంచి వెళ్ళకు."

"ఎప్పటికొస్తుందిట?"

"ఎవర్నడిగినా తెలీదంటున్నారు."

సూపర్‌వైజర్ మార్తా సంగతి విని, ఆమె చెయ్యి పట్టుకుని, ఎన్నాళ్ళో తెలియకుండా చోటు ఖాళీగా ఉంచలేమంది. దమయంతి తలూపింది. వాదిద్దామంటే, ఆ కార్డు ఆపినవాళ్ళెవరూ ఎదురుగా లేరు.

ఐదింటికి జనం దిగిపోయారు. దుమ్ము దులిపేందుకు ప్రతి సోమవారం తీసే పలక గొళ్ళెం ఇవాళ గురువారమైనా తీసింది. తొమ్మిదో వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. ఏడేళ్ళలో మొదటిసారి. కాళ్ళు ఒక్కసారిగా జివ్వుమన్నాయి. చేతికి తగిలిన మీట నొక్కితే సీటు మెల్లగా వెనక్కి వాలింది. కిటికీలోంచి ఎదుటి ఇనుప స్తంభం, దాని మీద రెండు బోల్టులు కనిపించాయి. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నిద్ర వచ్చింది.

కింది నుంచి మార్తా పిలిచింది. దమయంతి లేచి, సీటు మళ్ళీ నిలబెట్టాలని మీటను రెండుసార్లు నొక్కింది. సీటు కదల్లేదు. పలక మూసి, మెట్లు దిగి, బ్యాడ్జి అప్పగించి బస్సెక్కింది.

మర్నాడు ఆమె చోటులోకి వచ్చిన కొత్త మనిషికి అది కనిపించలేదు. తొంభై తొమ్మిది సీట్లు నిటారుగా ఉన్న ఆ విమానంలో, పలక వెనకాల, ఒక్కటి మాత్రం వెనక్కి వాలి ఉంది.