నీళ్ళబావ కడిగించిన రీలు

ఒకాయన చెల్లెల్ని ఇంకొకాయన చేసుకున్నాడు కనుక ఇద్దరికి ఇద్దరూ బావలే. ఇంట్లో ఎవరైనా బావా అని కేకేస్తే రెండు తలలూ ఒకేసారి తిరిగేవి. ఈ గందరగోళం పడలేక చుట్టాలే చెరో పేరు పెట్టేశారు. ఊరి నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరుగా చేసి దిగిపోయినాయన నీళ్ళబావ. రైలు ఆఖరి పెట్టెలో జెండా పట్టుకుని నిలబడే ఆయన గార్డుబావ.

గార్డుబావకి జీవితంలో ఒకటే కొరత. ఆయన ఫోటోల్లో పడడు. రైలుని ఫోటో తీసేవాళ్ళంతా ఇంజనుని తీస్తారు. తోక దగ్గర నిలబడ్డ మనిషి జోలికి ఎవరూ పోరు. ఆఖరికి సొంత చెల్లెలి పెళ్ళిలో కూడా, ఫోటోగ్రాఫరుకి లైటు పట్టే మనిషి రాకపోతే, పొడుగ్గా ఉన్నావు కదా అని ఆ లైటు ఈయన చేతికిచ్చారు. ఆల్బమ్‌లో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయంటే అది ఈయన చలవే. ఈయన మాత్రం ఎక్కడా లేడు. ఒక్క చోట మోచెయ్యి ఉంది.

అందుకని ఉద్యోగం పూర్తయ్యే రోజు దగ్గరపడ్డప్పుడు ఆయన కోరింది ఒక్క ఫోటో. ఆఖరి బండి రోజున నల్లకోటు, టోపీ, చేతిలో పచ్చజెండా, నెత్తి నుంచి బూటు దాకా నిండుగా. మర్నాడంటే కుదరదు. బండి దిగడం తరువాయి కోటూ టోపీ జెండాలూ ఈలా అన్నీ స్టోరులో అప్పగించాలి. ఆ స్టోరు గుమాస్తా గుండీ ఊడినా ఊరుకునే రకం కాదు.

ఫోనులో తీస్తే పోలేదా అన్నారు ఇంట్లోవాళ్ళు. గార్డుబావ ససేమిరా అన్నాడు. అంతకుముందే ఆయన ఫోను బట్టలు నానబెట్టిన బకెట్లో పడి, మనవరాలి తొలి అడుగులతో సహా మునిగిపోయింది. తనకి చేత్తో పట్టుకుని చూసుకునే నెగెటివ్ కావాలన్నాడు. అదుగో, అప్పుడు నోరు జారాడు నీళ్ళబావ.

"నీ చెల్లెలి కెమెరా ఉందిగా బావా. నేను తీస్తాను. కడిగించడం, స్కాన్ చేయించడం అంతా నా పూచీ. స్టూడియోవాడికి ధారపోయాల్సిన పనేం లేదు."

ఆ కెమెరా నీళ్ళబావ భార్యది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ దాంతో మనుషుల్ని తీసింది తక్కువ. ఇంట్లో ఏది పాడైతే దాన్ని తీసేది. ఊళ్ళో ఏ వీధిలో ఏ పైపు కారుతోందో నిద్రలో అడిగినా చెప్పగల భర్తకి, సొంత వంటింటి కుళాయి కారడం వినబడేది కాదు. చెప్తే చూస్తానంటాడు. చూడడు. సరే, చూస్తానన్నాడు కదా, చూపిద్దామని ఆవిడ కెమెరా పట్టింది. ఒకనాడు ఆఫీసులో నలుగురి మధ్య క్యారేజీ మూత తీస్తే, లోపల కుళాయి ఫోటో ఉంది. చుక్క పడబోతూ ఆగి ఉంది. పక్కనున్న కుర్ర ఇంజనీరు అది చూసి ఇది ఏ వీధిలోది సార్ అని ఆత్రంగా అడిగాడు. నీళ్ళబావ గొంతు సవరించుకుని, అది మన పరిధిలోది కాదని చెప్పాడు.

ఆవిడ తీసిన ప్రతి ఫోటోలోనూ ఒక మూల బొటనవేలు పడేది. ఆ కెమెరా తీరే అంత. కంటితో చూసే కిటికీ వేరు, బొమ్మ పడే అద్దం వేరు. అద్దానికి వేలు అడ్డం పడ్డా కిటికీలోంచి చూసేవాళ్ళకి తెలియదు. అది మా చెల్లి సంతకం అని గార్డుబావ వెక్కిరించేవాడు. బొమ్మ కనబడుతోందిగా, వేలితో మీకేం పని అని ఆవిడ దబాయించేది.

ఆఖరి బండి రోజు పొద్దున నీళ్ళబావ బీరువాలోంచి కెమెరా సంచీ తీశాడు. అడుగున ఒక రీలు ఉంది. కొత్త రీలుకి ఉన్నట్టే ఫిల్ము నాలుక బయటికి ఉంది. ఆ నాలుక చివర మాత్రం కాస్త మడతపడి ఉంది. నీళ్ళబావకి మడతలు గిట్టవు. ఆఫీసులో పటాల మూలలు మడతపడితే చేతిపని ఆపి మరీ సాపు చేసేవాడు. ఆ అలవాటు కొద్దీ ఫిల్ము మడతని కూడా గోటితో చక్కగా చదును చేసి, కెమెరాలో ఎక్కించాడు.

ప్లాట్‌ఫారం మీద గార్డుబావ పెళ్ళికొడుకు కంటే ఎక్కువ హడావిడి చేశాడు. జెండా ఊపుతూ ఒకటి, ఈల ఊదుతూ ఒకటి, సెల్యూట్ కొడుతూ ఒకటి, పెట్టె తలుపులోంచి వంగి ఇంజను వంక చూస్తూ ఒకటి. నీళ్ళబావ రీలంతా ఆయన మీదే ఖర్చుపెట్టాడు. ఇన్నేళ్ళ సర్వీసులో గార్డు వల్ల బండి ఆలస్యం కావడం అదే మొదలని డ్రైవరు ఇంజనులోంచి తల బయటపెట్టి గొణిగాడు.

అసలు కష్టం తరువాత మొదలైంది. పెద్ద షాపింగు భవనంలో ఫోటో కౌంటరుకి వెళితే, మెడలో కార్డులు వేసుకున్న అమ్మాయిలు రీలుని చేతిలోకి తీసుకోవడానికే సందేహించారు. వేరే ఊరు పంపాలన్నారు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ధర మాత్రం తడుముకోకుండా చెప్పారు. ఆ ధరకి ఇంకో పాత కెమెరా వస్తుంది. ఆస్పత్రి దగ్గర మందులషాపు మీద ఇంకా ఫిల్ము బొమ్మ బోర్డు ఉంటే ఆశపడి లోపలికి వెళ్ళాడు. బోర్డు దించడానికి నిచ్చెన దొరకక ఉంచేశామని చెప్పి, షాపాయన దగ్గుమందు చూపించాడు.

చివరికి బస్టాండు పక్క సందులో, జెరాక్సుకీ లామినేషనుకీ మధ్య ఇరుక్కున్న పాస్‌పోర్టు ఫోటోల కౌంటరు దొరికింది. కౌంటరు వెనకాల కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. రీలుని చూడగానే, చాలాకాలానికి ఎదురైన క్లాసుమేటుని చూసినట్టు నవ్వింది. కడుగుతానంది. స్కాన్ కూడా చేస్తానంది. చెప్పిన ధర విని నీళ్ళబావ ఇంకోసారి అడిగాడు, తను సరిగా విన్నానో లేదోనని. అయితే ఒక్క రీలు కోసం మందు కలిపితే తనకేం మిగలదనీ, ఇంకొన్ని పోగైతే అన్నీ ఒకే డబ్బాలో కడుగుతాననీ, తొందరైతే పెద్ద భవనానికే వెళ్ళమనీ ఆవిడ చెప్పింది.

నీళ్ళబావ పెద్ద భవనానికి వెళ్ళలేదు. రీళ్ళ వేటలో పడ్డాడు. పిట్టల్ని ఫోటోలు తీసే పిచ్చి ఉన్న పళ్ళడాక్టరు దగ్గరికి పోయి, లేని పంటినొప్పి చెప్పుకుని కూర్చుని, రెండు రీళ్ళు సంపాదించాడు. ఈలోగా గార్డుబావ రోజూ ఫోను చేస్తున్నాడు. పనిలో ఉంది బావా అని ఈయన చెప్తున్నాడు. అక్కడ గార్డుబావ ఊరుకుంటున్నాడా? ఫ్రేము కొనేశాడు. మేకు కొట్టేశాడు. ఖాళీ ఫ్రేముని గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ ఫోటో ఎలా ఉండబోతోందో దాని ముందు నిలబడి చెయ్యెత్తి చూపిస్తున్నాడు.

డబ్బా నిండింది. రీళ్ళు కడిగారు. కౌంటరావిడ కబురు చేసింది. నీళ్ళబావ వెళ్ళేసరికి గార్డుబావ అప్పటికే అక్కడున్నాడు. పనిలేని మనిషి, పొద్దున్నే సందంతా వెతుక్కుంటూ వచ్చేశాడట. కోటు లేకుండా, మామూలు గళ్ళచొక్కాలో, ఎవరో పక్కింటాయనలా ఉన్నాడు.

కౌంటరావిడ కంప్యూటరు వంకా వీళ్ళిద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"ఏమనుకోకండి, మీకు పైపుల షాపేమైనా ఉందా?" అని అడిగింది.

మొదటి బొమ్మలో గార్డుబావ ఠీవిగా నిలబడి ఉన్నాడు. నల్లకోటు మీద, సరిగ్గా పతకం ఉండాల్సిన చోట, ఒక కుళాయి వేలాడుతోంది. రెండోదాంట్లో ఆయన సెల్యూట్ కొడుతున్నాడు. ఆ చేతికి తుప్పు పట్టిన తలుపు బందు మొలిచింది. మూడోదాంట్లో ఈల ఊదుతుంటే నోట్లోంచి ఇస్త్రీపెట్టె వైరు పోగులు పోగులుగా బయటికొస్తోంది. నాలుగోదాంట్లో మీసం పక్క నుంచి చిరిగిన మేజోడూ, అందులోంచి తొంగిచూస్తున్న కాలివేలూ. అన్నిట్లోనూ చెడనిది ఒకటే, కింద కుడిమూల. అక్కడ గార్డుబావ బూటు ఏ మచ్చా లేకుండా తళతళలాడుతోంది.

"నా కోటు మీద కుళాయేంటి బావా?" అన్నాడు గార్డుబావ. గొంతులో కోపం లేదు. అది ఉంటే నీళ్ళబావకి కాస్త సుఖంగా ఉండేది.

కౌంటరావిడ లేచి, తన స్టూలు నీళ్ళబావ వైపు జరిపింది. జెరాక్సు కోసం నిలబడ్డవాళ్ళు తొంగిచూస్తుంటే కంప్యూటరు ముఖం గోడవైపు తిప్పింది. ఒకసారి వాడేసిన రీలు మీదే మళ్ళీ తీశారని మెల్లగా చెప్పింది. పాడైన బొమ్మలకి తను స్కాన్ డబ్బు తీసుకోనని కూడా చెప్పింది.

నీళ్ళబావకి అప్పుడు వెలిగింది. ఆ మడత ఊరికే పడ్డ మడత కాదు. తీయడం అయిపోయిందని గుర్తు కోసం తన భార్య పెట్టుకున్న మడత. నోటితో చెప్పి లాభం లేదని ఆవిడ ఇల్లంతా గుర్తులే పెట్టింది. ఆయన ఒక్కొక్కటీ సాపు చేస్తూ వచ్చాడు. ఇది కూడా గోటితో, తీరిగ్గా. ఉన్నది ఉన్నట్టు బావకి చెప్పేశాడు.

గార్డుబావ గళ్ళచొక్కా జేబు తడుముకున్నాడు, ఈల ఉందేమోనన్నట్టు. స్టోరు గుమాస్తా దగ్గరికి పోయి ఒక్క పూటకి కోటు అడిగితే ఇస్తాడేమోనని నీళ్ళబావ అన్నాడు. ఆ కోటు అప్పుడే ఇంకో గార్డు తొడుక్కుని పోయాడని గార్డుబావ చెప్పాడు. తన గోడ మీద ఖాళీ ఫ్రేము ఎలా దించాలా అని ఆలోచిస్తున్నవాడిలా ఉన్నాడు.

ఏం చెయ్యాలో తెలియక కౌంటరావిడ మిగతా బొమ్మలు ముందుకి జరుపుతూ పోయింది. కిటికీ గొళ్ళెం. కుంటి కుర్చీ. పడక్కుర్చీలో, పొట్ట మీద పేపరుతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్న నీళ్ళబావ. ఆయన మీదుగా గార్డుబావ పచ్చజెండా ఊపుతున్నాడు, ఇక బయల్దేరు అన్నట్టు. ఆవిడ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుని తరువాతదానికి జరిపింది.

ఆ తరువాత బొమ్మ దగ్గర చెయ్యి ఆపేసింది.

గార్డుబావ. టోపీ, మీసం, నల్లకోటు, ఇత్తడి గుండీలు, పచ్చజెండా, వెనక ఆఖరి పెట్టె, కింద బూట్లు. నెత్తి నుంచి బూటు దాకా నిండుగా. కుళాయి ఎక్కడా లేదు. కాదు, ఉంది. ఎడమ అంచున, జెండాకి అవతల, సన్నటి చీలికలో కుళాయి ముక్కు మాత్రం కనబడుతోంది, దాని కొసన ఒక చుక్క.

"ఇదొక్కటి ఎలా బతికిందబ్బా," అంది కౌంటరావిడ. "మొదటిసారి తీసినప్పుడు దీని మీద వెలుతురే పడలేదు. అద్దానికి ఏదో అడ్డం వచ్చుంటుంది."

"వేలు," అన్నారు బావలిద్దరూ ఒక్కసారే.

కుళాయిని మరీ దగ్గరగా చూపించాలని నీళ్ళబావ భార్య ఆ రోజు కెమెరా గట్టిగా పట్టుకుని ఉంటుంది. బొటనవేలు అద్దాన్ని దాదాపు అంతా కప్పేసింది. ఆ వేలి చాటున, ఆ కాస్త ఫిల్మూ ఇన్నేళ్ళూ ఖాళీగా ఉండిపోయింది, ఎవరికో సీటు ఆపినట్టు. అన్ని బొమ్మల్లోనూ బూటుని కాపాడింది కూడా ఆ వేలేనని నీళ్ళబావకి ఇప్పుడు తెలిసింది.

గార్డుబావ చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకోలేదు గానీ కళ్ళజోడు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నాడు.

"దాని పెళ్ళికి నేను లైటు పట్టాను బావా," అన్నాడు. "అది నాకు చీకటి పట్టింది."

కౌంటరావిడ ఆ అంచున కనబడే కుళాయి ముక్కుని కోసేసి శుభ్రంగా ప్రింటు వేసిస్తానంది. గార్డుబావ వద్దన్నాడు. ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నాడు. మిగతావి కూడా ఒక్కటి వదలకుండా వెయ్యమన్నాడు. తరువాత ఇటు తిరిగాడు.

"ఆ కుళాయి ఇంకా కారుతోందా?"

"చూస్తాను," అన్నాడు నీళ్ళబావ, పాత అలవాటు చొప్పున. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కౌంటరావిడ జెరాక్సు మిషను వైపు తిరిగిపోయింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మర్నాడు పొద్దున నీళ్ళబావ పేపరు విప్పబోతుండగా తలుపు చప్పుడైంది. గార్డుబావ. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ప్రింట్ల కవరు. ఫ్రేము నిండింది కదా, ఇప్పుడు తనకి వేరే పనేం లేదని చెప్పి, సరాసరి వంటింట్లోకి నడిచాడు. ఫోటోలు గట్టు మీద వరసగా పరిచాడు. ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని ఆ వస్తువు దగ్గరికి పోవడం, ఫోటోలోని తన ముఖాన్ని పక్కన పెట్టి దాని జబ్బేమిటో చూడడం. కుళాయికి వాషరు మార్చారు. ఇంజనీరు పట్టుకున్నాడు, గార్డు బిగించాడు. బందుకి నూనె పోశారు. మేజోడు ఎప్పుడో పోయింది కనుక దానికి మాఫీ ఇచ్చారు.

చివరికి గట్టు మీద ఒక్క ఫోటో మిగిలింది. పడక్కుర్చీలో నిద్రపోతున్న మనిషిది. గార్డుబావ దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"దీనికి వాషరు దొరకదు బావా," అన్నాడు. "మా చెల్లే వదిలేసింది, ఇక మన వల్లేం అవుతుంది."

నీళ్ళబావ ఆ ఫోటో తీసుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. వంటింట్లోంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఆ నిశ్శబ్దం అలవాటు లేక ఆయనకి ఆ పూట నిద్ర పట్టలేదు.