ఏ మెట్టూ నొక్కని స్వరం

పొద్దున్నే షట్టరు ఎత్తడం, మిషనుకి నూనె వేయడం, నిన్న మిగిలిన కుట్టు అందుకోవడం. ఇదీ ఆ టైలరమ్మ వరస. భర్త పోయినప్పటి నుంచి మాత్రం ఆవిడ కాళ్లు నేలకి ఆనడం లేదు, జానెడు పైన గాల్లో ఉంటుంది. వచ్చినవాళ్లు తలెత్తి మాట్లాడి, కొలతలిచ్చి పోతారు. చిక్కల్లా మిషనుతోనే. తొక్కాలంటే కాలు అందాలి కదా! గుండీలు కుడుతూ, అంచులు మడుస్తూ ఎన్నాళ్లని నెట్టుకొస్తుంది పాపం? చివరికి మిషను అమ్మేస్తానంది. సాయంత్రం పాత సామాన్లు కొనే అతను బండి తెస్తానన్నాడు.

ఇక కూతురికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మిషను కూడా పోతే అమ్మని పట్టి ఉంచేదేముంది, ఇంకా పైకి వెళ్లిపోతుందేమోనని దాని భయం. భయమేస్తే అది గిటారు ఒళ్లో పెట్టుకుంటుంది. మేడ మీది మాస్టారు కాఫీ వంకతో దిగొచ్చి పాఠం చెబుతుంటాడు.

"పక్క మెట్టుకి జరిగితే అర స్వరం, ఒకటి వదిలి జరిగితే నిండు స్వరం. ఏదీ, ఈ ఒక్క తీగ మీదే పై స నుంచి కిందికి రా," అన్నాడాయన ఆవేళ కొట్లోనే కూర్చుని, గిటారు మెడ మీది అడ్డపట్టీలు చూపిస్తూ.

అమ్మాయి పన్నెండో మెట్టు నుంచి మొదలుపెట్టింది. స, ని, ద, ప... అది దిగినకొద్దీ వాళ్లమ్మా దిగుతోంది.

"పోన్లే, ఇవాళ చేతికి అందింది," అంటూ ఆవిడ వంగి కింద పడ్డ దారం రీలు తీసుకుంది.

రి వాయించి అమ్మాయి ఆగిపోయింది. అమ్మ కాలికీ నేలకీ మధ్య ఇంకా రెండు వేళ్ల ఎడం ఉంది.

"స ఏదే?" అన్నాడు మాస్టారు.

"మిగిలింది మొదటి మెట్టొక్కటే మాస్టారూ. నొక్కితే స రావట్లేదు."

"ఓసి పిచ్చి మొహమా! నొక్కమన్నదెవరు? వేలు తీసెయ్. వట్టి తీగే స."

"ఏదీ పట్టుకోకుండా మోగేది కూడా స్వరమేనా?"

"ముందు పుట్టిందే అది. మిగతావన్నీ దాన్నుంచి కొలుచుకున్నవి."

వేళ్లు కాయలు కాసేలా నొక్కడమే నేర్చుకున్న పిల్ల. వదిలెయ్యడం దానికి తెలీదు. అమ్మ వంకే చూస్తూ వేలు తీసేసి మీటింది.

తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా మోగింది. టైలరమ్మ పాదాలు నేలకి ఆనాయి.

"అబ్బ! ఎంత చల్లగా ఉందే నేల," అంది. అంతే, బావురుమంది. ఆయన పోయిన రోజు కన్నీటి చుక్క రాల్చని మనిషి, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. కూతురు గిటారు వదిలేసి వచ్చి అమ్మని కావలించుకుంది.

అంతలో బండి అతను వచ్చి గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "రేపు రానా అమ్మా?"

"ఎందుకూ?" ఆవిడ ముక్కు చీదుకుని, అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ చొక్కా చంకలో చిరిగింది. విప్పి ఇలా ఇచ్చి, కాసేపు కూర్చో."

అతను బనీనుతో స్టూలు మీద సర్దుకు కూర్చున్నాడు. ఆవిడ మిషను సూదిలో దారం ఎక్కించి, కాలు కదిపింది.