నత్తకు దక్కిన మర్యాద

ఉప మేయరుగా గెలిచిన సాయంత్రమే బర్నబే కొరివితో తల గోక్కున్నాడు. లియోంతీన్ నడిపే హోటల్లో, ఊరంతా వింటుండగా ఆ ముక్క అనేశాడు.

"ఇకమీదట నలుగురిలో నత్తా గిత్తా అనకండి. మొస్యూ అనండి. నా కోసం కాదు, పదవి కోసం."

బడి రోజుల నుంచీ ఊరికి అతను నత్తే. నడక అలాంటిది మరి. ఆ పేరు పెట్టిన సిల్వేర్ అతనికి ప్రాణస్నేహితుడు, ఇనుప బంతుల ఆటలో జోడీ. సిల్వేర్ టోపీ తీసి, "చిత్తం, మొస్యూ!" అన్నాడు. అందరూ నవ్వారు. బర్నబే కూడా నవ్వాడు పాపం.

మా ఊళ్ళో మొస్యూ, అంటే అయ్యగారూ, అనేది ఇద్దరినే: పన్నుల అధికారిని, దారి తప్పి వచ్చిన పరాయివాణ్ణి. ఆ సంగతి తెలిసుండీ అడిగి మరీ తెచ్చుకున్నాడు!

అంతకుముందు అతను కూర్చోకముందే సోంపు సారా గ్లాసు ఠక్కున పెట్టే లియోంతీన్, ఇప్పుడు బల్ల తుడిచి, చేతులు కట్టుకుని, "మొస్యూ గారికి ఏం తెమ్మంటారు?" అని అడుగుతోంది. అతను ఇంకేం తాగి చచ్చాడని?

ఆటలో మరీ అన్యాయం. గురిగా వేసిన చెక్క గోళీకి ఎవరి బంతి దగ్గరో తేల్చడానికి ఇదివరకు మోకాళ్ళ మీద కూలబడి, తాడుతో కొలిచి, తాతముత్తాతలను కూడా తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడు కొలవకుండానే, "మొస్యూ గారిదే దగ్గర" అంటున్నారు. రోజూ గెలుస్తున్నాడు. ఛీ, అదీ ఒక గెలుపేనా!

ఇంట్లో భార్య జెర్మేన్ కూడా తక్కువ తినలేదు. "సూప్ చల్లారిందా? అయ్యయ్యో, మొస్యూ గారికి ఎంత అపచారం!"

ఇంతలో పక్క ఊరితో ఏటేటా జరిగే పోటీ వచ్చింది. సిల్వేర్ రొట్టెలవాణ్ణి జోడీగా తీసుకున్నాడని తెలిసి బర్నబే వాళ్ళింటికి పరుగెత్తాడు.

"నీ జోడీ నేను కదరా?"

"తమరు బంతి కోసం వంగడమా? ఎంత మాట! తమరు వేదిక మీదుండి కప్పు ఇవ్వాలి, మొస్యూ." తలుపు పడింది. పదవి పోయినా బర్నబే అంత ఏడ్చేవాడు కాదు.

పోటీ నాడు పదవికి గుర్తయిన మూడు రంగుల పట్టీ కట్టుకుని వేదిక మీద నిలబడ్డాడు. చివరి బంతి సిల్వేర్ చేతిలో ఉంది. ఆటగాడు చెయ్యెత్తితే మా ఊళ్ళో ఈగ కూడా రొద చేయదు. సిల్వేర్ ఎదుటివాళ్ళ బంతిని కొట్టబోతున్నాడు. అక్కడ నేల వాలుగా ఉంది, కొడితే తన బంతే ఎగిరిపోతుంది. బర్నబే ఇక ఆగలేకపోయాడు.

"ఒరేయ్ దున్నపోతా! కొట్టకురా, దొర్లించు!"

సిల్వేర్ ఉలిక్కిపడ్డాడు. బంతి ఎటో పోయింది. ఊరు ఓడింది.

సిల్వేర్ వేదిక మీదికి దూకి పట్టీ పట్టుకుని గుంజాడు. "నీ నోట్లో మన్ను పడ! ఊరి పరువు మంటగలిపావు కదరా, నత్త వెధవా!"

బర్నబేకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "గురి తప్పింది నువ్వురా, గుడ్డి దున్నా!" అని గొంతు చించుకున్నాడు.

ఇద్దరూ తిట్టుకుంటూ, తోసుకుంటూ హోటల్ దాకా నడిచారు. వెనకాల ఊరంతా నత్తను శాపనార్థాలు పెడుతూ వచ్చింది. కప్పు ఇచ్చేవాడు లేక పక్క ఊరివాళ్ళు తామే తీసుకుపోయారు.

"దరిద్రుడా, ఓడించావు కదా!" అంటూ లియోంతీన్ అతని ముందు సోంపు సారా గ్లాసు ఠక్కున పెట్టింది. ఏం కావాలని అడగలేదు.