బకెట్ స్లాబును తాకేదాకా

సైటులో అందరూ అతన్ని డేగ అనేవారు. టవర్ క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని, కాంక్రీటు నింపిన బకెట్‌ను ఎంత ఇరుకు సందులోనైనా తొణక్కుండా దించేవాడు. పదకొండేళ్ళ పని. పొద్దున్నే నిచ్చెన ఎక్కితే దిగడం మళ్ళీ సాయంత్రమే. ఆ కుర్చీలోనే తిండి, ఆ కుర్చీలోనే కునుకు. పనిలో చేరినప్పుడు డెబ్బై కిలోలున్న మనిషి నూట పదికి చేరాడు.

నలభై దాటాక ఆయాసం మొదలైంది. సిమెంటు దుమ్ము వల్లేననుకున్నాడు. ఛాతీలో పిల్లికూతలు వినబడ్డాక డాక్టరు ఉబ్బసమని తేల్చి పీల్చే మందు ఇచ్చాడు. అది అంతంతమాత్రంగా పనిచేసింది. ఆయాసం ముదిరినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు మింగాల్సి వచ్చేది. మింగితే ఊపిరి ఆడేది గాని, కడుపులో కొలిమి అంటించినట్టు ఆకలి. ఏడాదిలో ఇంకో ఎనిమిది కిలోలు పెరిగాడు. షుగరూ వచ్చింది. ఒళ్ళు పెరిగినకొద్దీ ఆయాసమూ పెరిగింది.

"తింటే ఆయాసం, తినకపోతే నీరసమని ఊరికే అన్నారా," అంది భార్య, నవ్వబోయి నవ్వలేక.

ఆమె తమ్ముడు అదే సైటులో సిగ్నల్‌మ్యాన్. స్లాబు మీద నిలబడి, బకెట్ ఎటు తిప్పాలో వాకీటాకీలో చెప్పడం అతని పని. బావ నిచ్చెన మధ్యలో నాలుగుచోట్ల ఆగుతున్నాడని అతనొక్కడికే తెలుసు.

"ఇంజనీరుకు చెప్పేస్తాను బావా."

"చెబితే దింపేస్తారు. ఈ ఒళ్ళేసుకుని కింద నేనేం చెయ్యనురా? ఇటుకలు మొయ్యనా?"

బావమరిది ఇంజనీరుకు చెప్పలేదు.

ఇరవయ్యో అంతస్తు స్లాబు పోస్తున్న రోజు అది జరిగింది. నిండు బకెట్ గాల్లో ఉంది, కింద తొమ్మిదిమంది పనివాళ్ళున్నారు. క్యాబిన్‌లో అతని ఛాతీ ఒక్కసారిగా బిగుసుకుంది. పీల్చే మందు నాలుగుసార్లు నొక్కాడు. లోపలికి పోయిన గాలి బయటికి రావడం లేదు.

"కుడికి, కొంచెం కుడికి. బావా, వినబడుతోందా?"

బదులుగా సన్నటి ఈల లాంటి శబ్దం వచ్చింది. బావమరిదికి విషయం అర్థమైంది. చేతులూపి పనివాళ్ళందరినీ అవతలికి తరిమాడు. తర్వాత ఏమీ జరగనట్టే వాకీటాకీలో చెప్పసాగాడు.

"తొందర లేదు బావా. కిందెవరూ లేరు. ఎడమకు తిప్పు. చాలు. ఇప్పుడు దించు. ఇంకా. ఇంకా."

పైన అతని కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరుగుతున్నాయి. బకెట్ కనబడడం లేదు. ఆ గొంతునే ఆసరా చేసుకుని లీవర్ కదిపాడు.

"తాకింది బావా. వదిలెయ్."

వదిలేసి ముందుకు వాలిపోయాడు.

అతన్ని స్ట్రెచర్‌కు కట్టి తాళ్ళతో దించడానికి ఆరుగురికి గంట పట్టింది. కింద సైటంతా తలలెత్తి చూస్తోంది. "బకెట్ కంటే బరువున్నాడు," అని ఎవరో అనడం ఆక్సిజన్ మాస్కు పెట్టుకున్న అతని చెవిన పడింది.

"పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "ఊపిరితిత్తుల్ని కిందనుంచి నొక్కుతుంది. ఒంట్లో వాపు పుట్టిస్తుంది. షుగరు దానికి తోడైంది. అందుకే మీకు మామూలు మందు సరిగా పట్టడం లేదు. బరువు తగ్గితే ఊపిరికి తేడా తెలుస్తుంది."

"నడవకపోతే తగ్గను. నడిస్తే చస్తాను. ఏం చెయ్యమంటారమ్మా?"

ఆవిడ మందుల చీటీ అందుకుంది. "మందులు మారుస్తాను. ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. ఒక నెల చూద్దాం," అంది.

సాయంత్రం ఇంజనీరు వచ్చాడు. "ఈ జబ్బు సంగతి ఇంకెవరికి తెలుసు?"

గుమ్మం దగ్గరున్న బావమరిది నోరు తెరిచాడు.

"ఎవరికీ తెలీదు సార్," అన్నాడు మంచం మీదనుంచి అతను గబగబా. "నేనే దాచాను."

ఉద్యోగం పోయింది. క్యాబిన్‌లోకి కొత్త మనిషి వచ్చాడు. బావమరిది ఉద్యోగం పోలేదు గాని, అక్క ఇంటికి రావడం మానేశాడు.

మూడు నెలలకు అతను తగ్గింది నాలుగు కిలోలు. నాలుగిళ్ళ దూరం నడవగలుగుతున్నాడు, అంతే. భార్య ఒక బట్టల కొట్లో పనికి కుదిరింది. పగలంతా ఇంట్లో ఆకలీ, అతనూ మిగిలేవారు.

ఒక ఆదివారం బావమరిది వచ్చి, మాట్లాడకుండా అతని పక్కన నడిచాడు. నాలుగో ఇంటి దగ్గర అన్నాడు, "నేను ముందే చెప్పి ఉండాల్సింది బావా."

"చెప్పి ఉంటే నీ మొహం చూసేవాణ్ణి కాదు," అన్నాడు అతను. మిగతా మాట ఊపిరికి అందలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. బావమరిది అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. ఊపిరి కుదుటపడడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.