బూడిదాకు రంగు

జంపక్కకు ఇంగ్లీషులో వచ్చింది ఒక్కటే మాట. బస్సు, ఫోను లాంటివి లెక్కలోకి రావు కదా! ఆ మాట గ్లాకస్. పినపాక చుట్టుపక్కల అది తెలిసినవాళ్లు తనూ, మేనకోడలు భవానీ తప్ప ఇంకెవరూ లేరని ఆమెకు గట్టి నమ్మకం.

నేర్పింది భవానే. భద్రాచలంలో డిగ్రీ, బాటనీ. పోయిన వేసవి సెలవుల్లో జంపక్క ఆ పిల్లను గుట్ట మీదికి తీసుకుపోయి బూడిదాకు తీగ చూపించింది. గూడెంలో బాలింతలకు ఆ గడ్డే మందు. అచ్చం అలాంటిదే ఇంకో తీగ ఉంది, దాని గడ్డ తింటే వాంతులు. తేడా తెలిసేది ఒకే ఒక్క గుర్తుతో. ఆకును బొటనవేలితో రాస్తే నీలి బూడిద పొర లేచి వేలికి అంటాలి. కొత్త పంట తొలిసారి తినే కొత్తల పండుగకు ముందు గడ్డ ముట్టకూడదు. తవ్వినా గడ్డ తల కోసి, మళ్లీ మొలిచేలా మట్టిలో పెట్టాలి. ఆ గుర్తు ఇంట్లో ఒక్కరికే చెప్పాలి. పిల్లలు లేని జంపక్క, భవానిని ఎంచుకుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకుంది.

"దీనికి మా పుస్తకంల ఒక మాటున్నదత్తా, గ్లాకస్. గింత నీలం, గింత బూడిద, గింత పచ్చ. నల్లద్రాక్ష మీద మబ్బు పొరుంటది సూడు, గట్ల" అంది భవాని, ఫొటో తీసుకుంటూ. వారం రోజులు ఆ మాటను నోట్లో చప్పరిస్తూ మురిసిపోయింది జంపక్క.

ఈ ఏడు పండుగకు పది రోజులుందనగా గుట్ట మీద పలుగుల చప్పుడు వినిపించింది. పోయి చూస్తే నలుగురు కూలీలు, ఫోన్ పట్టుకున్న ప్యాంటు మనిషి ఒకడు. తీగలన్నీ వేళ్లతో సహా గోనెసంచుల్లోకి పోతున్నాయి. ఒక్క తలైనా మట్టిలో పెట్టిన పాపాన పోలేదు.

"ఆకు గ్లాకస్‌గ ఉండాలె. రాసి సూడున్రి!" అంటున్నాడు వాడు.

జంపక్క పోయి వాడి ఎదురుగా నిలబడింది. "ఏమన్నవ్ సారూ?"

"ఇంగ్లీషులే అవ్వా, నీకు తెల్వది."

"నీలం, బూడిద, పచ్చ. వేలు పెడితే లేస్తది. నీకెవరు చెప్పిన్రు?"

వాడు నోరు తెరిచి, ఫోన్ చూపించాడు. ఏదో కాలేజీ ప్రాజెక్టట, నెట్‌లో ఉందట. ఎక్కడ తీసిన ఫొటోనో కూడా అందులోనే రాసి ఉందట. జంపక్కకు చదువు రాదు, కానీ ఫొటోలో ఆకు మీదున్న బొటనవేలు తనదే.

కబురు తెలిసి ఆదివారం భవాని వచ్చి ఏడ్చింది. "మార్కుల కోసం రాసిన అత్తా. నెట్ల పెడతరని తెల్వదు. ముందు పేజీల నీ పేరు గూడ రాసిన."

ఆ చివరి మాటకు జంపక్క ఒళ్లు మండిపోయింది. ఒట్టు వేయించి దాచిన గుర్తు తన పేరు మీదే లోకానికెక్కింది. పరాయివాడు దోచుకుంటే నాలుగు తిట్టి ఊరుకునేది. చేతులారా పెంచుకున్న పిల్ల చేస్తే ఎవరిని తిట్టాలి?

"ఇంకేడన్న ఉన్నదా అత్తా? కాపాడుకుందాం."

"లేదు బిడ్డా. గదే ఆఖరు."

ఆ పిల్లతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. భవాని అత్త చేతులు రెండూ పట్టుకుంది. కుడి బొటనవేలి గీతల్లో నీలి బూడిద పొడి ఇంకా ఉంది. పొద్దున్నే జంపక్క ఒక్కతే వాగు దాటి, అవతలి గుట్టకు పోయి వచ్చింది మరి.

భవాని ఆ వేలి వంక చూసింది. తర్వాత అత్త మొహం వంక చూసింది. ఆ రంగు పేరు ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు. జంపక్క చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.