నొప్పి పుట్టిందా?

ఇలా దగ్గరకు జరగండమ్మా, చేతిలో పని ఉంటే పక్కన పెట్టండి.

ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే ఇల్లాలు ఉండేది. ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. ఇక ఆ పిల్లకు కాలు నిలిస్తే ఒట్టు. దుప్పటి పిండుతూ పిండుతూ ఆగిపోయేది, బట్టలు సర్దుకునే వంకతో తడిమి చూసుకునేది. ఉందా? ఉంది. కరిగిందేమోనని మళ్లీ చూసుకునేది.

అత్తగారికి చెప్పింది.

"నొప్పుందా?"

"లేదత్తయ్యా."

"మరింకేం? నొప్పెట్టనిది గడ్డే కాదు. ఇద్దరికి పాలిచ్చినదానివి, నీకెందుకొస్తుంది? మీ వంశంలో ఎవరికైనా ఉందా ఏమన్నానా?"

మొగుడు అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "ఆసుపత్రికెళితే సూది గుచ్చుతారు. కందిరీగల తుట్టె కదిపినట్టే, ఒళ్లంతా పాకుతుంది. మా మేస్త్రి పెళ్లాం అలాగే పోయింది." ఆ తల్లి గడ్డను దాచి దాచి, పుండయ్యాక ఆసుపత్రి గడప తొక్కిందన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు.

అప్పట్నించి తెల్లారితే చాలు, అత్తగారు పొయ్యి దగ్గరకొచ్చి "నొప్పి పుట్టిందా?" అనడం, ఈవిడ లేదనడం, ఇల్లంతా హాయిగా కాఫీ తాగడం. ఈవిడ మాత్రం గ్లాసు పక్కన పెట్టి మళ్లీ తడిమి చూసుకునేది. నడుము పట్టేసిన రోజు "నొప్పి ఎవరికి లేదే" అన్నది ఈ అత్తగారే. తలనొప్పంటే "పని ఎగ్గొట్టే ఎత్తు" అన్నది ఆ మొగుడే.

ఒకరోజు పొయ్యి కట్టేసి చెప్పులేసుకుంది.

"నొప్పుందన్నప్పుడు ఒక్కనాడూ నమ్మలేదు. లేదంటే మాత్రం ఎంత చప్పున నమ్మారత్తయ్యా."

"ఎక్కడికే? వాణ్ణి అడిగి వెళ్లు."

"ఇది ఆయన్నడిగి వచ్చిందా?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా విన్నది. "రొమ్ము క్యాన్సర్ చాలావరకు నొప్పి లేకుండానే మొదలవుతుంది. వంశంలో లేనివాళ్లకే ఎక్కువగా వస్తుంది, పాలిచ్చినవాళ్లకూ వస్తుంది. పరీక్ష సూదికి పాకుతుందన్నది ఉత్త భయం. గడ్డలన్నీ ఆ జబ్బే కావు, అదేదో తేల్చుకుందాం. నొప్పనిపిస్తే చెప్పమ్మా, ఆపుతాను."

సూది దిగింది. పెళ్లయ్యాక మొదటిసారి, భయపడకుండా, "నొప్పిగా ఉంది" అంది. డాక్టరమ్మ చెయ్యి ఆపేసింది.

ఆ పిల్లకు కళ్లనీళ్లు ఆగలేదు, నొప్పికి మాత్రం కాదు.

ఈ కథ గుర్తుపెట్టుకోండి. మీ అక్కచెల్లెళ్లకు, కోడళ్లకు చెప్పండి. చెబుతుంటే మగవాళ్లు గదిలోకి వచ్చినా ఆపకండి.